రాత లెక్క ఎక్కడ తప్పింది? తరగతి గదిలో చర్యాత్మక పరిశోధన

తన తరగతిలో ఎదురయ్యే ఒక ఇబ్బందిని ఉపాధ్యాయుడే ఎంచుకుని, దాని మూలం వెతికి, బోధనలో ఒక మార్పు చేసి, ఆ మార్పు పనిచేసిందో లేదో ఆధారాలతో తేల్చుకునే పద్ధతిని చర్యాత్మక పరిశోధన అంటారు. టీచర్ల వాడుకలో ఇదే యాక్షన్ రీసెర్చ్. విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన వందల బడులకు వర్తించే సూత్రం కోసం వెతుకుతుంది. చర్యాత్మక పరిశోధనకు అంత ఆశ లేదు. ఒక బడిలో, ఒక తరగతిలో, ఈ విద్యా సంవత్సరంలోనే పనికొచ్చే జవాబు దొరికితే దానికి చాలు. డీఎడ్, బీఎడ్ చదివినవాళ్లలో చాలామంది దీని మీద ఒక రికార్డు రాసే ఉంటారు. ఆ రికార్డుల్లో పాత సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని రాసినవి ఎన్నో అందరికీ తెలిసిన రహస్యమే. ఉద్యోగంలో చేరాక మళ్లీ ఆ మాట ఎత్తనివాళ్లు ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఈ పద్ధతికి పేరు పెట్టినవాడు జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్. 1946లో వచ్చిన ఆయన వ్యాసంలో పథకం వేయడం, అమలు చేయడం, ఫలితం చూసి మళ్లీ పథకం వేయడం అనే చక్రం కనిపిస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ 1953లో రాసిన పుస్తకంతో దాన్ని బడిలోకి తెచ్చాడు. బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975 నాటికి టీచరే పరిశోధకుడు కావాలని వాదించాడు. మన దేశంలో 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్‌లు ఏర్పాటు చేసినప్పుడు, వాటి విధుల్లో చర్యాత్మక పరిశోధననూ చేర్చారు. పేరు తెలియకుండానే ఇలాంటి పని చేసినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా రాసిన ‘పగటికల’ తెలుగు టీచర్లకు బాగా పరిచయం. నాలుగో తరగతిలో ఏడాది పాటు ప్రయోగాలు చేసే ఒక మాస్టారి కథ అది. కల్పితమే అయినా, నివేదిక ఎలా రాయాలో చాలా పాఠ్యపుస్తకాల కంటే బాగా నేర్పుతుంది.

ఆదిలాబాద్ జిల్లాలోని గిరిజన ప్రాంతమైన ఉట్నూర్ ఏజెన్సీకి ఇలాంటి పని కొత్తేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం మరణించాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. ఉట్నూర్‌కు దగ్గర్లోని ఆ ఊరు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి చదువొచ్చిన గోండులు అతి కొద్దిమంది. వాళ్లనే టీచర్లుగా తయారుచేసి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు రాయించి, పిల్లలకు ఇంటి భాషలోనే తొలి అక్షరాలు నేర్పారు. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు టీచరు, పుస్తకం రెండూ పరాయి భాషలో ఉండటమే కారణమని ఊహించి, ఆ రెండింటినీ మార్చి చూడటం ఆ పథకం సారం. కారణాన్ని ఊహించి, దానికి తగిన చర్య చేసి చూడటమనే వరస అందులో స్పష్టంగా ఉంది. తర్వాతి దశాబ్దాల్లో పాలనా భాషలు మారాయి, రాష్ట్రాలు మారాయి, గోండిలో బోధన నిలవలేదు. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోలామి, బంజారా, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి మాతృభాషాధార బోధన మొదలుపెట్టారు.

ఇప్పుడు ఇంట్లో గోండి వినే పిల్ల బడిలో తెలుగు వింటుంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం రావడంతో, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకం పట్టుకుంటుంది. పక్కన కూర్చున్న పిల్లవాడిది కోలామి కావచ్చు, లంబాడీ కావచ్చు, మరాఠీ కావచ్చు. చాలా గూడేల్లో ఐదు తరగతులకూ ఒకరో ఇద్దరో టీచర్లు. బయటివాళ్లు రాసిన బోధనా పద్ధతి ఏదీ ఇలాంటి గదికి అచ్చంగా సరిపోదు. ఏది సరిపోతుందో ఆ గదిలో ఉన్న టీచరే చూసుకోవాలి.

పథకంలో అన్నింటికంటే కష్టమైనది సమస్యను చిన్నది చేయడం. ‘గిరిజన విద్యార్థుల వెనుకబాటుతనం’ అన్నది పరిశోధన సమస్య కాదు, నిట్టూర్పు. ‘పిల్లలు గణితంలో వెనకబడ్డారు’ అన్నదీ పెద్దదే. ‘మూడో తరగతి పిల్లలు కూడికలు, తీసివేతలు అంకెల్లో ఇస్తే చేస్తున్నారు, రాత లెక్కల రూపంలో ఇస్తే చేయలేకపోతున్నారు’ అన్నప్పుడు అది చేతికి అందే కొలతకు వస్తుంది. సమస్య టీచరు పరిధిలోనూ ఉండాలి. రోడ్డు లేకపోవడం, కరెంటు పోవడం, పోస్టు ఖాళీగా ఉండటం నిజమైన ఇబ్బందులే అయినా టీచరు తన బోధన మార్చి వాటిని తీర్చలేడు.

ఈ రాత లెక్కల సమస్యనే ఉదాహరణగా పట్టుకుని మొత్తం పని ఎలా సాగుతుందో చూడవచ్చు. గోండి మాట్లాడే 16 మంది పిల్లలున్న ఒక మూడో తరగతిని ఊహించుకుందాం. వాళ్లకు ఇలాంటి లెక్క ఇచ్చారనుకుందాం: జంగు ఉట్నూర్ సంతలో 45 రూపాయల చిక్కుడుకాయలు కొని, 60 రూపాయలు ఇచ్చాడు. అతనికి ఎంత చిల్లర తిరిగి వస్తుంది? ఒక పాప 105 అని రాసింది. ఒక బాబు 25 అని రాశాడు. రెండూ తప్పే, రెండింటికీ ఎర్ర సిరాతో ఇంటు పడుతుంది. కానీ రెండు జబ్బులూ వేరు. 105 రాసిన పాపకు కూడిక వచ్చు. ‘చిల్లర తిరిగి వస్తుంది’ అన్న మాట పట్టుబడక, కనపడిన రెండు అంకెలనూ కలిపేసింది. 25 రాసిన బాబుకు లెక్క పూర్తిగా అర్థమైంది, తీసివేయాలనీ తెలుసు. సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదులోంచి సున్నా తీసి 5 వేశాడు, ఆరులోంచి నాలుగు తీసి 2 వేశాడు. పాపకు కావలసింది భాష, బాబుకు కావలసింది అప్పు తెచ్చుకోవడం. ఈ తేడా పట్టుకోకుండా మొదలుపెట్టిన పరిశోధన ఎంత శ్రద్ధగా చేసినా గాలిలో మేడే.

అందుకే మొదటి పరీక్ష, అంటే టీచర్లు ప్రీ టెస్ట్ అనేది, కారణం చెప్పేలా ఉండాలి. మూడు సమాన స్థాయి ప్రశ్నపత్రాలు, ఒక్కోదానిలో పది లెక్కలు తయారుచేసుకోవచ్చు. ఒకటి వట్టి అంకెల్లో, ఒకటి తెలుగు రాతలో, ఒకటి గోండిలో నోటితో. మూడింటినీ మూడు వేర్వేరు రోజుల్లో పెట్టాలి, ఒకేరోజు పెడితే మూడోదానికి పిల్లలు అలసిపోతారు. మార్కులు కూడా రెండుగా విడదీయాలి. ఏ ప్రక్రియ చేయాలో సరిగ్గా ఎంచుకున్నందుకు ఒకటి, చేసిన లెక్క సరిగ్గా ఉన్నందుకు ఒకటి. అంకెల్లో బాగా చేసి, గోండిలో విన్నప్పుడూ బాగా చేసి, తెలుగు రాతలో మాత్రమే పడిపోతే కారణం భాషే. గోండిలో విన్నా చేయలేకపోతే కారణం లెక్కలోనే ఉంది, అప్పుడు మార్చాల్సిన పాఠం వేరు. టీచరుకు గోండి రాకపోతే అయిదో తరగతి పిల్లతోనో, ఊళ్లో చదువుకున్న యువతితోనో లెక్కలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకుంటే అందరు పిల్లలూ ఒకే గొంతు, ఒకే మాట వింటారు. ఇద్దరు ముగ్గురు కోలాం పిల్లలుంటే వాళ్లకు కోలామిలో మరో రికార్డు తప్పదు. అడవి పక్క పిల్లలందరికీ గోండి వస్తుందనుకోవడం పట్నం ఊహ.

కారణం తెలిసాక పరికల్పన రాసుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట భయపెట్టేలా ఉంటుంది గానీ, ఇది చేస్తే ఇది జరుగుతుందని ముందే కాగితం మీద పెట్టడమే దాని పని. ‘రాత లెక్కను ముందు గోండిలో విని, గింజలతో చేసి చూసి, ఆ తర్వాత తెలుగులో చదివితే, పిల్లలు సరైన ప్రక్రియను ఎంచుకుంటారు’ అన్నది ఈ ఉదాహరణకు సరిపోతుంది. ముందే రాసుకోవడం ముఖ్యం. ఫలితం వచ్చాక రాసిన పరికల్పన ఎప్పుడూ నిజమే అవుతుంది.

చర్య రోజూ చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి. రోజుకు ఇరవై నిమిషాలు, ఆరు వారాలు అనుకుంటే, ఆ ఇరవై నిమిషాల్లో ఒకటే లెక్క చాలు. ముందు గోండిలో వింటారు. చింతగింజలతోనో ఉత్తుత్తి నోట్లతోనో ఇద్దరు పిల్లలు కొనేవాడూ అమ్మేవాడూ అయి చేసి చూపిస్తారు. గోండిలో అంకెలు ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అని సాగుతాయి. తెలుగుకు చుట్టరికం ఉన్న భాష కాబట్టి టీచరుకు పది దాకా నేర్చుకోవడం ఒక పూట పని. తర్వాత అదే లెక్కను తెలుగులో చెప్పి, ‘తిరిగి’, ‘మిగిలినవి’, ‘కంటే ఎక్కువ’, ‘మొత్తం’ లాంటి మాటలను నల్లబల్ల మీద గీత గీసి చూపించి, చివరికి నోటుబుక్కులో రాయిస్తారు. నాలుగో వారం నుంచి పిల్లలే లెక్కలు కట్టడం మొదలుపెడితే, వాళ్లకు ఏ మాట పట్టుబడిందో, ఏది ఇంకా జారుతోందో పరీక్ష లేకుండానే తెలుస్తుంది.

ఎప్పుడు చేయాలన్న ప్రశ్నను మైదాన ప్రాంతపు పుస్తకాలు పట్టించుకోవు. ఉట్నూర్ చుట్టుపక్కల అదే సగం పథకం. జూన్ బడిబాటలో, కొత్త చేరికల్లో పోతుంది. వానాకాలంలో వాగులు పొంగిన రోజుల్లో టీచరే బడికి చేరలేకపోవచ్చు. దీపావళికి దండారి నృత్య బృందాలు, గుస్సాడీ వేషాలవాళ్లు ఊరూరా తిరిగే రోజుల్లో పిల్లల మనసు డప్పు వైపే ఉంటుంది. అప్పటికే పత్తి తీత మొదలై, కాస్త పెద్ద పిల్లలు చేలకు వెళ్తారు, వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు ఇంటి కాపలా ఉంటారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. వేసవి మొదట్లో ఇప్పపువ్వు ఏరే పని. వీటిని అడ్డంకులుగా తిట్టుకుంటే పని సాగదు, లెక్కలోకి తీసుకోవాలి. పత్తి తీతలో సగం హాజరు ఉన్నప్పుడు మొదటి పరీక్ష పెట్టి, పిల్లలంతా తిరిగొచ్చాక రెండో పరీక్ష పెడితే మార్కులు ఎలాగూ పెరుగుతాయి. ఆ పెరుగుదలలో బోధన వాటా ఎంతో, హాజరు వాటా ఎంతో విడదీయడం ఎవరి వల్లా కాదు. వాగులు పొంగే రోజులు పోగా, ఆగస్టు, సెప్టెంబరు నెలలు కాస్త నమ్మదగినవి. ఏ నెలైనా సరే, ప్రతి పిల్లా ఆరు వారాల్లో ఎన్ని రోజులు ఆ ఇరవై నిమిషాల్లో కూర్చుందో విడిగా రాయాలి. హాజరు పట్టీ దీనికి చాలదు, ఎందుకంటే మధ్యాహ్న భోజనం తర్వాత ఇంటికి వెళ్లిపోయిన పిల్ల కూడా అందులో హాజరే.

పెద్ద పరిశోధనల్లో కొత్త పద్ధతి అందని మరో బృందాన్ని పోలిక కోసం ఉంచుతారు. పదహారు మంది ఉన్న గదిలో సగం మందికి మంచి పాఠం చెప్పి సగం మందిని వదిలేయడం కుదరదు, న్యాయమూ కాదు. దానికి బదులు ఒక ఉపాయం ఉంది. మూడో తరగతికి ఇప్పుడు మొదలుపెట్టి, నాలుగో తరగతికి మూడు వారాల తర్వాత మొదలుపెట్టడం. రెండు తరగతులకూ ప్రతి శనివారం అయిదు లెక్కల చిన్న పరీక్ష పెడితే, చర్య మొదలైన వారం నుంచే ఏ తరగతి గీత ఆ తరగతిదిగా పైకి వంగిందా అన్నది గ్రాఫులో కనిపిస్తుంది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చునే బడికి ఇది అనుకోకుండా కలిసొచ్చే సౌకర్యం.

పరీక్షలతో పాటు టీచరు డైరీ కావాలి. రోజూ నాలుగు వాక్యాలు చాలు: ఏ లెక్క, ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు ఎవరికి గోండిలో ఏం చెప్పారు, ఏం అనుకున్నట్టు జరగలేదు. వారం తర్వాత గుర్తు చేసుకుని రాసిన డైరీలో అంతా అనుకున్నట్టే జరుగుతుంది. పిల్లల నోటుబుక్కుల పేజీలను తేదీతో ఫొటో తీసి పెట్టుకోవడం ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ తేలిక. తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. నివేదికలో పిల్లల పేర్ల బదులు అంకెలు వాడాలి, ముఖాలున్న ఫొటోలు పెట్టకూడదు. చిన్న గూడెంలో పేరు తీసేసినా ‘మూడో తరగతిలోని ఒకే ఒక తోటి తెగ అమ్మాయి’ అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. అది కూడా చూసుకోవాలి.

ఫలితాల లెక్కలో పొరపాట్లు ఎక్కువగా శాతాలతో వస్తాయి. పదహారు మందిలో ఒక్కరు గట్టెక్కితే 6 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. నలుగురి నుంచి ఏడుగురికి చేరితే ‘25 శాతం నుంచి 44 శాతానికి’ అని రాసుకోవచ్చు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, పెరిగింది ముగ్గురు. సగటు కూడా అంతే. పదికి సగటు మార్కు 3 నుంచి 6కు పెరిగిందని రాస్తే అందరూ మూడేసి మార్కులు పెరిగారనిపిస్తుంది. పదకొండు మంది కలిసి 50 మార్కులు పెరిగి, ముగ్గురు కదలకుండా ఉండి, ఇద్దరు చెరో మార్కు తగ్గినా సగటు అదే వస్తుంది. ఆ అయిదుగురి గురించి మాట్లాడని నివేదిక అసలు సంగతి దాచినట్టే. చాలా రికార్డుల్లో టీ-టెస్టు అనే గణాంక పద్ధతి తప్పనిసరిగా కనిపిస్తుంది. ఒక తరగతి పిల్లలకు దానితో పెద్ద పని లేదు. ఒక్కో బిడ్డకు ముందు, తర్వాత మార్కులు పక్కపక్కన, హాజరు రోజులతో సహా ఒక పట్టికలో పెడితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇంకో ఉచ్చు ఉంది. మొదటి పరీక్షలో అతి తక్కువ మార్కులు వచ్చినవాళ్లనే ఎంచుకుని పనిచేస్తే, ఏమీ చేయకపోయినా రెండోసారి వాళ్ల మార్కులు కాస్త పెరుగుతాయి. ఆ రోజు జ్వరంతో వచ్చినవాళ్లు, ఆకలితో ఉన్నవాళ్లు, పెన్సిల్ లేక కూర్చున్నవాళ్లు అందులో ఉంటారు కాబట్టి. మొదటి పరీక్షను వారం తేడాతో రెండుసార్లు పెడితే ఈ భ్రమ చాలావరకు తొలగిపోతుంది. ఆరు వారాల్లో పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారన్నదీ మరవకూడదు. మూడో తరగతి గీతను నాలుగో తరగతి గీత పక్కన పెట్టి చూడటం అందుకే.

నివేదికకు శీర్షికే సగం బలం. ‘గిరిజన విద్యార్థుల్లో గణిత సామర్థ్యాల పెంపు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘గోండి మాతృభాషగా ఉన్న మూడో తరగతి పిల్లల రాత లెక్కలు: ముందు ఇంటి భాషలో వినిపించడం వల్ల వచ్చిన మార్పు’ అంటే చదివేవాళ్లకు దారి దొరుకుతుంది. లోపల సమస్య, దానికి ఆధారం, ఊహించిన కారణం, చేసిన చర్య, వాడిన ప్రశ్నపత్రాలు, ఫలితం, పని చేయనిది, తర్వాత చేయబోయేది వరసగా రావాలి. సిద్ధాంతాల అధ్యాయాన్ని పది పేజీలు నింపే అలవాటు మానుకుంటే మంచిది. చదివే మరో టీచరుకు కావలసింది చర్య వివరం. ఆ వివరం చదివి మరో గూడెంలో మరో టీచరు సోమవారం నుంచి అదే పని మొదలుపెట్టగలిగితే అది పూర్తయిన నివేదిక.

సమర్పించే చోటును బట్టి రూపం మారుతుంది. కాంప్లెక్స్ సమావేశంలోనో డైట్ సదస్సులోనో పది పదిహేను నిమిషాల కంటే ఎక్కువ దొరకదు. అందులో స్లైడ్ల మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తే సమయం అక్కడే చెల్లిపోతుంది. 105, 25 అని రాసిన రెండు పేజీలను పేరు కప్పేసి తెర మీద చూపించి, ఈ రెండు తప్పులకూ తేడా ఏమిటని సభలోని టీచర్లనే అడిగితే, రెండు నిమిషాల్లో సమస్య అందరిదీ అవుతుంది. తర్వాత చర్య, తర్వాత ఒక్కో బిడ్డకు ఒక గీత చొప్పున ఉన్న గ్రాఫు. ఆఖరికి మార్కులు పెరగని ఆ అయిదుగురు పిల్లల సంగతి. వెనక వరసలోంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: మీరు రోజూ ఇరవై నిమిషాలు ఎక్కువ చెప్పారు, మార్కులు పెరిగింది గోండి వల్లా, అదనపు సమయం వల్లా? నిజంగా మంచి ప్రశ్న. ఈ పథకంతో దానికి పూర్తి జవాబు రాదు. వచ్చే ఏడాది అదే ఇరవై నిమిషాలు తెలుగులోనే చెప్పి చూస్తే వస్తుంది. ఆ మాట సభలో ఒప్పుకున్న టీచరు పరిశోధన మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఊరికి చెప్పే పద్ధతి వేరు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తల్లుల ముందు, ఊరి పటేల్ ముందు గ్రాఫులు పనిచేయవు. పిల్లలే కట్టిన లెక్కలను వాళ్లచేతే గోండిలో చెప్పించి, వెంటనే తెలుగులో చెప్పిస్తే సరిపోతుంది. ‘బడిలో గోండి మాట్లాడితే తెలుగు ఎప్పుడు వస్తుంది, ఇంగ్లిష్ ఎప్పుడు వస్తుంది’ అన్న భయం తల్లిదండ్రుల్లో నిజంగానే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2009 సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధించాలంటున్నదని చెప్పినా ఆ భయం పోదు. ఆ తెలుగు లెక్కను తమ పిల్ల చదివి చేయడం చూస్తే కొంత పోతుంది.

చర్యాత్మక పరిశోధన ఒక చక్రంతో ముగియదు. కదలని ముగ్గురు, తగ్గిన ఇద్దరు రెండో చక్రానికి సమస్య అవుతారు. వాళ్లలో ఎవరు 25 రాసిన బాబు లాంటివాళ్లో, ఎవరు సగం రోజులు చేనులో ఉన్నవాళ్లో పట్టికే చెబుతుంది. ఏజెన్సీలో బదిలీలు మామూలే కాబట్టి ప్రశ్నపత్రాలు, గోండి రికార్డింగులు, పదాల చార్టు, పిల్లల అంకెలతో ఉన్న పట్టిక ఒక ఫైలుగా బడి బీరువాలో ఉండాలి. నివేదిక కాపీ డైట్‌కు వెళ్లినా, కొత్తగా చేరిన టీచరు మొదట వెతికేది ఆ బీరువాలోనే.